హీటర్ ఇచ్చిన శ్రుతి

బస్సు దిగి చర్చి తలుపు దాకా ముప్ఫై అడుగులు.
ఆ ముప్ఫై అడుగుల్లోనే
ముక్కు లోపలి వెంట్రుకలు గడ్డకట్టాయి.
ఫిబ్రవరి, నార్త్ డకోటా,
మా కాలేజీ గాయక బృందం యాత్రలో ఆరో రోజు.
యాభై రెండు మందిమి, నలభై ఎనిమిది గొంతులు.
తక్కిన నాలుగూ జలుబు తినేసింది.

నా అంగీ కాలరు లోపల ఇంకుతో ఏడు పేర్లున్నాయి.
కొట్టేసినవి ఆరు. ఏడోది నాది.
బేస్ వరసలో చిట్టచివర నిలబడతాను.
గొంతు పరవాలేదంటారు.
పరవాలేదంటే ఏమిటో నాకు తెలుసు.

నేలమాళిగలో పాత హీటర్ మూలుగుతోంది,
మా శ్రుతికి అరమెట్టు కింద.
మేం పాడుతుంటే పక్కనెవరో
ఇసుక నములుతున్నట్టుంది.
ప్రొఫెసర్ ల్యుండ్‌క్విస్ట్ చెయ్యి ఆపి చెవి ఒగ్గింది.
"ఆపేయమంటారా?" అంది తాళాలు చూసే ఆర్లిస్,
అప్పటికే రెండు కోట్లు తొడుక్కుని.
వద్దంది ప్రొఫెసర్.
"అది మన దగ్గరికి రాదు. మనమే దిగుదాం."

అరమెట్టే కదా.
పై గొంతుల వాళ్ళకి పండగ.
పాకౌ షోంగ్ మాత్రం నా వైపు తిరిగి కనుబొమలెగరేసింది.
తనకి తెలుసు, నాలుగో పుటలో
'కరుణించు' అన్న మాట చివర
మాకో స్వరం ఉంది,
బావి అడుగున పడ్డ చెంబు లాంటిది.
మామూలు రోజుల్లోనే తగిలీ తగలదు.
ఇవాళ బావి ఇంకా లోతు,
ఏ పాతాళ గరిగె వేసినా అందనంత.

ఏడింటికి జనం వచ్చారు.
పాల డెయిరీ వాళ్ళు, స్కూలు బస్సు నడిపే ఆవిడ,
బూట్ల మంచు కరిగి బెంచీల కింద మడుగులు.
మూడో బెంచీలో ఒక ముసలాయన,
కార్యక్రమం కాగితం తలకిందులుగా పట్టుకుని.

నమ్మకం గురించి నన్నడక్కండి.
మా అమ్మ నర్సు, ఆదివారాలు డ్యూటీకెళ్ళేది.
దేవుడితో నాకు ముఖపరిచయం కూడా లేదు.
కానీ ఒక్క మాటను ఇంతమందిమి
ఊపిరి వంతులేసుకుని తెగకుండా మోస్తుంటే
అది ఎవరికి చేరుతుందన్నది
మోసేవాళ్ళకి పట్టదు.
బరువు తెలుస్తుంది, అంతే.

నాలుగో పుట.
దిగాను. ఇంకాస్త దిగాను.
గాలి ఉంది, గొంతు లేదు.
పక్కనున్న ఇద్దరివీ ఉత్త పెదవులు.
అప్పుడు వినబడింది
మూడో బెంచీలోంచి,
మూసిన నోట్లోంచి,
కాగితం అలాగే తలకిందులుగా ఉండగా,
ఆ స్వరం.
ముందు హీటరనుకున్నాను.
హీటర్ ఊపిరి తీసుకోదు కదా.

ప్రొఫెసర్ జనం వైపు తిరగలేదు.
ఎడమ చెయ్యి మాత్రం నడుము వెనక్కి పోయింది,
అరచెయ్యి తెరుచుకుని కాస్త పైకి లేచింది,
ఇంకొంచెం, అన్నట్టు.
ఆయన ఇంకొంచెం ఇచ్చాడు.

తర్వాత కింద భోజనాలు, బంగాళదుంపలు, పలచటి కాఫీ.
పేరు ఓర్విల్ స్టెన్‌హ్యుగ్.
అరవై ఒకటిలో ఇదే బృందంలో రెండేళ్ళు పాడాడట,
ఆవులకి రోగమొచ్చి ఫీజు ఆగిపోయేదాకా.
నా కాలరు తిప్పి పేర్లు చదివాడు.
ఆయనది లేదు.
"మావి ఎర్రవి" అన్నాడు. "చింపి పరదాలు కుట్టేశారు."
నవ్వలేదు.
నా భుజం మీద దులిపాడు, అక్కడేమీ లేకపోయినా.

ఆ రాత్రి పడక ఆయనింట్లోనే.
మెట్లు చూపించి, ఆరోది వదులు, చూసుకో అన్నాడు.
అంతకు మించి మాటల్లేవు.
దీపం ఆర్పాక గోడ అవతల ఆయన దగ్గు,
నేల కింద ఇంకో హీటర్, ఇంకో శ్రుతి.
దుప్పటి ముక్కు దాకా లాక్కుని
నోరు మూసుకునే దిగుతూ పోయాను, మెట్టు తర్వాత మెట్టు.
ఆరో దాని మీద కాలు ఆగింది.
వదులుగానే ఉంది.